నీలదర్పణమూ, కొల్లేటి ఒడ్డు రైతూ

రైతును గురించి వ్రాసిన ప్రతి రచనా రైతు సాహిత్యం కాదు. ఈ మాట మన విమర్శలో కొత్తది కాదు. కాని ఏది రైతు సాహిత్యం, ఏది కాదు అని తేల్చటానికి మనం వాడే కొలబద్ద మాత్రం చాలా కాలంగా ఒక్కటే. అందులో కష్టం వుందా? కన్నీరు వుందా? చివర తిరుగుబాటు వుందా? ఈ మూడూ వుంటే రచన అభ్యుదయకరమైనదనీ, లేకపోతే కాదనీ తీర్పు చెప్పి వూరుకుంటున్నాం. ఈ కొలబద్ద చాలదు. ఎందుకు చాలదో చెప్పటానికి 1860లో ఢాకాలో అచ్చయిన ఒక వంగ నాటకాన్ని ఈ వ్యాసంలో పరిశీలిస్తాను. అది దీనబంధు మిత్ర వ్రాసిన 'నీలదర్పణం'. గోదావరి డెల్టాలో, కొల్లేటి ఒడ్డున వున్న మనకు ఆ నాటకంతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. పని వుంది. అయితే మనం సాధారణంగా అనుకునే పని కాదు.

ముందు కథ. స్వరపురం అనే గ్రామంలో గోలోక బసు కలిగిన గృహస్థు. ఆయనకు నవీనమాధవుడు, బిందుమాధవుడు అని ఇద్దరు కొడుకులు. ఆ ప్రాంతపు నీలిమందు కొఠీ వుడ్, రోగ్ అనే ఇద్దరు తెల్లదొరల చేతిలో వుంది. వరి పండే మంచి భూమికి గుర్తుపెట్టి, అందులో నీలి వెయ్యమని దొర శాసిస్తాడు. కాదన్న రైతును గోదాములో బంధిస్తారు. ఎదురుతిరిగిన నవీనమాధవుణ్ణి లొంగదీయటానికి అతని తండ్రిపై అబద్ధపు కేసు పెట్టి జైలుకు పంపుతారు. ఆ వృద్ధుడు అవమానం భరించలేక జైలులోనే వురిపోసుకుంటాడు. సాధుచరణుడనే రైతు కూతురు క్షేత్రమణి నిండు గర్భిణి. ఆమెను రోగ్ దొర బలాత్కరించబోతాడు, ఎదిరించినందుకు పొత్తికడుపులో పొడుస్తాడు, ఆ దెబ్బతో ఆమె మరణిస్తుంది. నవీనుడు దెబ్బలు తిని చనిపోతాడు. తల్లి సావిత్రికి మతి చలిస్తుంది. నాటకం ముగిసేసరికి ఇల్లు వల్లకాడవుతుంది.

కథను ఇట్లా చెబితే ఇది కన్నీటి నాటకమే. మన పాత కొలబద్దతో కొలిస్తే నూటికి నూరు మార్కులు పడతాయి. కాని ఇది నూటయాభై ఏళ్ళు దాటి బ్రతకటానికి కారణం కన్నీరు కాదు. అంతకంటె ఎక్కువ ఏడిపించిన నాటకాలు ఎన్నో అదే కాలంలో పుట్టి, అదే కాలంలో చచ్చిపోయాయి. నీలదర్పణాన్ని నిలబెట్టింది అందులో వున్న లెక్క.

ఏమిటా లెక్క? కొఠీవాడు రైతుకు 'దాదన్' ఇస్తాడు. దాదన్ అంటే బయానా. బిఘాకు సుమారు 2 రూపాయలు. దానికి స్టాంపు కాగితం మీద సంతకం. ఆ కాగితం ఖర్చు రైతుది, విత్తనం ఖరీదు రైతుది, కోసిన మండలను బండి మీద తోలే కిరాయి రైతుది. కట్టలు కొలిచేది కొఠీ గుమాస్తా. అతను రెండు కట్టలను ఒకటిగా కొలిస్తే అడిగే దిక్కు లేదు. సంవత్సరం చివర చూసుకుంటే బయానా తీరకపోగా బాకీ మిగులుతుంది. ఆ బాకీ తండ్రి నుంచి కొడుక్కు వారసత్వంగా వస్తుంది. అదే భూమిలో వరి వేసుకుంటే ఇంతకంటె ఎక్కువ వస్తుందని రైతుకు తెలుసు, దొరకూ తెలుసు. అందుకే లాఠీ కావలసి వచ్చింది. లాభసాటి పంటను వెయ్యమని ఎవడూ ఎవడినీ కొట్టడు. ఇది తెలిసిన రచయిత గనుకనే దీనబంధు మిత్ర దౌర్జన్యాన్ని దొర దుర్గుణంగా మాత్రమే వదలిపెట్టలేదు. తపాలాశాఖ వుద్యోగిగా పల్లెలు తిరిగినవాడు కనుక దౌర్జన్యం వెనుక ఖాతాపుస్తకాన్నీ, ఖాతాపుస్తకం వెనుక మేజిస్ట్రేటునూ చూశాడు. బయానా పుచ్చుకొని నీలి వెయ్యనివాణ్ణి జైలుకు పంపటానికి 1860లో ప్రభుత్వం ప్రత్యేకంగా 11వ చట్టం చేసింది. ఆ చట్టం నీడ నాటకం మీద స్పష్టంగా పడివుంది.

ఇక నాటకంలోని లోపం. దీన్ని దాచటం అభ్యుదయ విమర్శ పని కాదు. రచయిత తన పీఠికలో విక్టోరియా రాణి దయనూ, కొందరు ఉన్నతోద్యోగుల న్యాయబుద్ధినీ నమ్ముకున్నాడు. చెడ్డ తెల్లవాడు కొఠీలో వున్నాడు, మంచి తెల్లవాడు కచేరీలో వున్నాడు, ఈ సంగతి మంచివాడికి తెలిస్తే చాలు అన్నది ఆయన విశ్వాసం. 1974లో చరిత్రకారుడు రణజిత్ గుహ ఈ నాటకాన్ని విశ్లేషిస్తూ, రైతు తిరుగుబాటు ఇక్కడ ఉదారవాది అద్దంలో కనిపిస్తున్నదని తేల్చాడు. ఆ విమర్శ కఠినమైనదే గాని న్యాయమైనది.

దీనికి నాటకంలోనే సాక్ష్యం వుంది. తోరాపు అనే ముస్లిం రైతు పాత్రను చూడండి. గోదాములో బంధించి, బసు కుటుంబానికి వ్యతిరేకంగా అబద్ధపు సాక్ష్యం చెప్పమని హింసిస్తారు. తప్పించుకుంటాడు. క్షేత్రమణిని కాపాడటానికి నవీనుడితో కలిసి రోగ్ దొర గదిలోకి జొరబడతాడు. దొరను పట్టుకొని నాలుగు తగిలిస్తూ వుంటే నవీనమాధవుడు అడ్డుపడతాడు. వాళ్ళు క్రూరులైనంత మాత్రాన మనం క్రూరులం కావాలా అని హితవు చెబుతాడు. తరువాత ఘర్షణలో వుడ్ దొర ముక్కు కొరికినవాడు మళ్ళీ తోరాపే. అంటే నాటకంలో పెద్దమనిషి నీతి చెబుతాడు, రైతు పని చేస్తాడు. రచయిత హృదయం మొదటివాడి పక్షాన వుంది. ఆయన కన్ను మాత్రం రెండోవాడిని వదలలేదు. నాటకాన్ని రక్షించింది ఆ కన్నే. రచయిత అభిప్రాయం కంటె రచయిత పరిశీలన ముందుకు పోవటం గొప్ప రచనలలో మనం తరచుగా చూసే సంగతి.

మరొక మాట. నాటకం రాకముందే రైతు లేచాడు. 1859లో నదియా జిల్లాలో నీలి విత్తనం చల్లబోమని గ్రామాలకు గ్రామాలు భీష్మించాయి. అక్కడ ముందు నిలిచిన దిగంబర విశ్వాస్, విష్ణుచరణ విశ్వాస్ కొఠీలో పనిచేసి, ఆ లెక్కల గుట్టు తెలిసి బయటికి వచ్చినవారు. 1860లో లెఫ్టినెంట్ గవర్నరు గ్రాంటు పడవ మీద పోతూ వుంటే నదికి రెండు ఒడ్లా మైళ్ళ పొడుగునా ఆడా మగా, పిల్లా జెల్లా నిలబడి, నీలి వెయ్యనవసరం లేదని ఉత్తర్వు ఇమ్మని అడిగారు. ఆ ఏడే నీలి కమిషను కూర్చుంది. నీలదర్పణం ఈ కదలికకు తల్లి కాదు, బిడ్డ. రచన ప్రజలను లేపింది అని చెప్పుకోవటం మనకు ఇష్టం. ఇక్కడ ప్రజలు రచనను లేపారు.

అయినా పుస్తకానికి బలం లేదనటానికి వీలులేదు. 1861లో దీని ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురించినందుకు జేమ్స్ లాంగ్ అనే క్రైస్తవ పాదిరీపై దొరలు పరువునష్టం దావా నడిపారు. నెల రోజుల జైలు, 1000 రూపాయల జుల్మానా పడ్డాయి. ఆ జుల్మానాను కాళీప్రసన్న సింహ కోర్టులోనే చెల్లించాడు. అనువాదం మైకేల్ మధుసూదన దత్తు చేశాడని ప్రతీతి. ఆ దత్తు 1848 నుంచి 1856 వరకు మద్రాసులో వుండి, తాను తెలుగు కూడా నేర్చుకుంటున్నానని మిత్రుడికి జాబు వ్రాసినవాడు. 1872లో కలకత్తా నేషనల్ థియేటరు టిక్కెట్టు పెట్టి తెర ఎత్తింది ఈ నాటకంతోనే. నాలుగేళ్ళకు, 1876లో, నాటక ప్రదర్శనలను అదుపులో పెట్టే చట్టం వచ్చింది. అద్దం చూపిస్తే ముఖం బాగుచేసుకోవటానికి బదులు అద్దాన్ని పగలగొట్టటం పాలకుల పాత అలవాటు. మన 'మాలపల్లి' నిషేధమూ ఆ అలవాటులోనిదే.

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. తెలుగు దేశానికి నీలిమందు కొత్త కాదు. బందరు రేవు నుంచి అద్దకపు బట్టలూ, నీలీ ఓడలెక్కిన కాలంలో డచ్చివారు నీలి కోసం నాగులవంచలో కూడా స్థావరం పెట్టారు. మన పాలకొల్లు వారి మరొక స్థావరం. కోరమాండల్ తీరపు నీలిరంగు బట్ట ఆఫ్రికా పడమటి తీరానికి పోయి, అక్కడ బానిసలను కొనే సరుకుగా చెల్లింది. మనవాడి నీలిరంగు మరొకడి మెడకు సంకెల అయిందన్నమాట. పందొమ్మిదో శతాబ్దంలో కడప, కర్నూలు, నెల్లూరు సీమల్లో నీలి విస్తారంగా పండింది. కడప పేరే వంకరపోయి 'కుర్పా' నీలి అని విదేశీ విపణిలో నిలిచింది. 1897లో జర్మనీ కృత్రిమ నీలిని బజారులో పెట్టేదాకా ఆ వ్యాపారం నడిచింది.

మరి ఇంత నీలి పండిన తెలుగుదేశంలో నీలదర్పణం ఎందుకు పుట్టలేదు? మన రచయితలకు చూపు లేదని తేలికగా అనెయ్యవచ్చు. అది సరి కాదు. ఇక్కడి వ్యవస్థ వేరు. రైత్వారీ సీమలో నీలిని ఎక్కువగా రైతే వేసుకున్నాడు, మండలను ఊళ్ళ తొట్లలోనే నానవేసి, చిలికి, ముద్దకట్టి వర్తకుడికి అమ్మాడు. గుర్రమెక్కి కొరడా పట్టిన వుడ్ దొర ఇక్కడ తరచు కనిపించడు. కనిపించేవాడు వర్తకుడు, వడ్డీవ్యాపారి, శిస్తు వసూలుకు వచ్చే అమీను. దోపిడీ లేదని కాదు. దానికి ఒక్క ముఖం లేదు. రాజమండ్రి జిల్లా కరువుతో, పన్నులతో, నేతపని కూలిపోవటంతో ఎంత క్షీణించిందో 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ ప్రభుత్వానికి నివేదించాడు. ఆ క్షీణతలో ఒక్క దొర పేరు చెప్పి ఇతనే కారణం అనటానికి వీలులేదు. ముఖం లేని దోపిడీ నాటకానికి లొంగదు. రంగస్థలం మీదికి వడ్డీరేటును ఎట్లా నడిపించుకు వస్తాం?

ఇదే మన రైతు సాహిత్యం ముందున్న అసలు చిక్కు. దీన్ని మన పెద్దలు ఎట్లా ఎదుర్కొన్నారో చూడాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922 నాటి 'మాలపల్లి'లో చౌదరయ్యను దుర్మార్గుడుగా చిత్రించాడు, నిజమే. కాని ఆ నవలలో తగాదా చౌదరయ్య కోపంతో మొదలుకాదు. ధాన్యం ధర పెరిగిన రోజుల్లో ధాన్యపు కూలికి బదులు డబ్బు కూలి ఇవ్వజూడటంతో మొదలవుతుంది. కూలివాడి కుంచంలో ఏమి తగ్గిందో పాఠకుడికి ముందు తెలుస్తుంది. సంగదాసు హత్య తరువాత జరుగుతుంది. అందుకే ఆ హత్య వట్టి దుర్ఘటనగా గాక తప్పించుకోలేని పరిణామంగా తోస్తుంది. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి వ్రాసిన 'మా భూమి' నాటకానికి ప్రేరణ బందగీ. 1940లో విసునూరు దేశముఖు మనుషుల చేతిలో తన భూమికోసం ప్రాణాలిచ్చిన ముస్లిం రైతు అతను. తోరాపు ఒక పెద్దమనిషి అడ్డుపడితే చెయ్యి దించినవాడు. బందగీ నాటికి ఆ చెయ్యి దించమనే పెద్దమనిషి రంగం నుంచి తప్పుకున్నాడు. రెండు నాటకాల మధ్య ఎనభై ఏడేళ్ళలో రైతు ఎంత దూరం నడిచాడో ఈ ఒక్క తేడా చెబుతుంది.

అయితే అక్కడితో ఆగిపోయామేమో అని నా శంక. దొర పోయాడు, జమీందారు పోయాడు, దేశముఖు పోయాడు. మన కథల్లో మాత్రం వాళ్ళు వేషాలు మార్చుకొని తిరుగుతూనే వున్నారు. ఎదురుగా జరుగుతున్నదాన్ని చూడటానికి పాత ముఖాలే కావలసి వస్తున్నాయి.

తాడేపల్లిగూడెం నుంచి భీమడోలు మీదుగా ఏలూరు పోయేవారు రైలు దిగి దక్షిణంగా కొద్ది దూరం నడిస్తే కొల్లేటి వైపు పోయే నేల కనిపిస్తుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్ళు నింపుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే సరస్సు ఇది. వరదకు మునిగితే చేప, నీరు తీస్తే వరి; ఒడ్డు ఊళ్ళ బ్రతుకు ఈ రెంటి మధ్య ఊగింది. 1976లో ప్రభుత్వం ఇక్కడి మత్స్యకారులకు సహకార సంఘాలు పెట్టి, చేపల చెరువులకు భూమి ఇచ్చింది. తరువాతి దశాబ్దాలలో చెరువుల గట్లు సరస్సును కమ్మేశాయి. సంఘాల భూములు ఎన్నో లీజు పేరుతో బయటి పెట్టుబడిదారుల చేతిలోకి పోయాయి. 1999లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో యంత్రాలు దించి గట్లు పగలగొట్టారు. ఆ గట్లలో డబ్బున్నవాడి గట్టూ వుంది, గతిలేనివాడి గట్టూ వుంది. తరువాత ఎవరి గట్టు మళ్ళీ లేచిందో, ఎవరిది లేవలేదో ఒడ్డు ఊళ్ళ వాళ్ళను అడిగితే చెబుతారు.

ఇక్కడ ఒక ప్రలోభం వుంది. బయానా వుంది, లీజు కాగితం వుంది, వరి పోయి మరొక సరుకు వచ్చింది. కనుక చేపల చెరువే నేటి నీలిమందు, చెరువు పెట్టుబడిదారుడే నేటి వుడ్ దొర అని వ్రాసెయ్యాలనిపిస్తుంది. వ్రాస్తే చదువరులు మెచ్చుకుంటారు కూడా. కాని అది అబద్ధం. నీలిని రైతు నష్టానికి భయపడి వెయ్యనన్నాడు. చెరువును లాభానికి ఆశపడి తవ్వాడు. నీలి వెయ్యమని లాఠీ వచ్చింది. చెరువు తవ్వమని ధర వచ్చింది. వరి వరదపాలై నాలుగేళ్ళు దెబ్బతిన్న రైతు, ఎకరానికి ముందుగా కౌలు చేతిలో పెట్టేవాడు వస్తే సంతోషంగానే సంతకం పెట్టాడు. ఈ సంతోషాన్ని కథలో చూపని రచయిత ఈ ప్రాంతపు రైతును చూడలేదన్నమాట.

మరి పోలిక ఎక్కడ వుంది? లెక్కలో వుంది. భూమి తనదే, దాన్ని ఏమి చెయ్యాలో చెప్పే మాట తనది కాదు. సంఘంలో సభ్యుడైన మత్స్యకారుడు తన పేర వున్న చెరువు గట్టు మీదే కాపలా కూలికి నిలబడతాడు. చేపపిల్ల అప్పు, తవుడు అప్పు, చెక్క అప్పు. అప్పు ఇచ్చినవాడికే పట్టుబడి తోలాలి. కాటా అతనిది, ధర అతనిది. లారీలో ఐసు మధ్య సర్దిన శీలావతి, బొచ్చె పోయేది ఎక్కడికి? చాలాభాగం వంగదేశానికే. నూటయాభై ఏళ్ళ కింద ఎవరి పొలాల్లో వరిని నీలి తరిమిందో వారి మనుమల పళ్ళాల్లోకి మన వరిని తరిమిన చేప పోతున్నది. ఇందులో వారి తప్పు లేదు, చేప తప్పు అసలే లేదు. సరుకు ఎక్కడ పుట్టి ఎక్కడ చేరుతుందో, నడుమ ఎవరి చేతిలో ఎంత ఆగుతుందో చెప్పగలిగితే అది సాహిత్యానికి చాలిన వస్తువు.

కొల్లేటి మీద మనకు రచన లేకపోలేదు. ఆ ఒడ్డున పుట్టిన అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' నవల సరస్సును ఆధారం చేసుకొని బ్రతికిన ఊరి జీవితాన్ని భద్రపరచింది. పోయినదాని విలువ తెలియనివాడికి పోగొట్టినవాడి మీద కోపం రాదు. కనుక ఆ పని అవసరమైన పని. కాని జ్ఞాపకం సగం పనే. సరస్సు ఎట్లా వుండేదో తెలిసింది. అది ఎవరి ఖాతాలో ఏ పద్దు కింద కరిగిపోయిందో చెప్పే రెండో పుస్తకం ఇంకా కావాలి. కొంగలు తగ్గిపోయాయని వ్రాసే కవితలు మనకు చాలా వున్నాయి. గట్టు మీద కాపలావాడి కూలి ఎంతో చెప్పే కవిత నాకు తారసపడలేదు.

తిరుగుబాటు లేని చోట రైతు సాహిత్యం ఎట్లా అని కొందరు అడుగుతారు. ఈ ప్రాంతం తిరుగుబాటు ఎరుగనిది కాదు. శిస్తు పెంపుకు వ్యతిరేకంగా 1929 ప్రాంతాల్లో కృష్ణా గోదావరి జిల్లాల రైతులు కదిలారు. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచిన రైతు రక్షణ యాత్ర ఈ దారినే పోయింది. నిన్నమొన్న 2016–17లో భీమవరం దగ్గర తుందుర్రులో, తమ కాలవ నీళ్ళు పాడవుతాయని రొయ్యల పరిశ్రమను ఎదిరించి ఆడవాళ్ళు వీధిలోకి వచ్చారు. తిరుగుబాటు ముందు వుండేది సంవత్సరాల కొద్దీ సాగే లెక్క. నదియా రైతు 1859లో ఒక్క రోజున మేలుకోలేదు. కొఠీ గుమాస్తాగిరి చేసి లెక్క తెలుసుకున్నవాడు వచ్చి, ఈ బాకీ ఎన్నటికీ తీరదని విప్పి చెప్పిన రోజున మేలుకున్నాడు. రచయిత చెయ్యగల పని అదే. లాఠీ పట్టమని చెప్పనక్కరలేదు, ఖాతా విప్పి చూపిస్తే చాలు.

కనుక కొలబద్ద మార్చుకుందాం. కష్టం వుందా, కన్నీరు వుందా అని అడగటానికి ముందు ఈ రచనలో బయానా ఎంత, కాటా ఎవరిది, కాగితం మీద సంతకం ఎవరు పెట్టించుకున్నారు, పెట్టినవాడు ఎందుకు పెట్టాడు అని అడుగుదాం. దీనబంధు మిత్ర రాణిని నమ్మి పొరపాటు పడ్డాడు. లెక్కలో మాత్రం పొరపాటు పడలేదు. మనం రాణులను నమ్మటం ఎప్పుడో మానుకున్నాం. లెక్క వ్రాయటం ఇంకా మొదలుపెట్టవలసి వుంది.